ఫ్రెడ్ రోజర్స్ కేస్ స్టడీ: స్వెటర్ వెనక ఉన్న స్క్రిప్టు

అమెరికాలో 1968 నుంచి 2001 దాకా ఫ్రెడ్ రోజర్స్ హోస్టుగా వచ్చిన 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్' చూసి పిల్లల ప్రోగ్రాం తీద్దామనుకునేవాళ్లు ముందుగా పట్టుకునేది ఆ స్వెటర్ని, ఆ మెత్తటి గొంతుని. రెండూ తెచ్చి కెమెరా ముందు పెట్టినా పని జరగదు. మూడో ఎపిసోడ్‌కల్లా హోస్టు ముద్దు ముద్దుగా మాట్లాడటం మొదలుపెడతాడు, పిల్లలు లేచి వెళ్లిపోతారు. రోజర్స్ మంచివాడని అందరూ చెబుతారు, అది నిజమే కావచ్చు. కానీ మంచితనాన్ని ప్రొడక్షన్ షెడ్యూల్లో రాసుకోలేం. రాసుకోగలిగింది ఆయన పని పద్ధతి. ఈ కేస్ స్టడీ దాని గురించే, జీవిత చరిత్ర అందుకు అక్కరకొచ్చినంత మేరకే.

ఆయన 1928 మార్చి 20న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాట్రోబ్‌లో పుట్టారు. 1951లో ఫ్లోరిడాలోని రాలిన్స్ కాలేజీలో సంగీత రచనలో డిగ్రీ తీసుకున్నారు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో ఎన్‌బీసీ టీవీ నెట్‌వర్క్‌లో చేరి ఫ్లోర్ మేనేజర్ స్థాయికి వచ్చారు. 1953లో ఆ ఉద్యోగం వదిలేసి పిట్స్‌బర్గ్‌లో ఇంకా ప్రసారమే మొదలుకాని డబ్ల్యూక్యూఈడీ అనే కమ్యూనిటీ స్టేషన్‌కి వెళ్లారు. అక్కడ 1954లో మొదలైన 'చిల్డ్రన్స్ కార్నర్' రోజూ గంటసేపు లైవ్. తెర ముందు జోసీ కేరీ, తెర వెనక రోజర్స్. బొమ్మలాడించడం, గొంతులివ్వడం, సంగీతం అన్నీ ఆయనవే. ఉచితంగా దొరికిన పాత ఫిల్ములు మధ్యలో తెగిపోయేవి. ఆ ఖాళీ పూరించడానికి గడియారంలోంచి తల బయటపెట్టిన బొమ్మే డేనియల్ అనే చారల పులి. ఆ బొమ్మను ప్రసారం మొదలయ్యే ముందురోజు ఇచ్చింది స్టేషన్ జనరల్ మేనేజర్ డొరొతీ డేనియల్. బొమ్మ పేరు ఆమెదే.

తరవాత రోజుల్లో జనం పూజించిన కాన్వాస్ బూట్లు కూడా అక్కడివే. లైవ్ నడుస్తుండగా సెట్ వెనక ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెత్తాలి, తోలు బూట్లు టకటకమని మైకులో పడేవి. అందుకని రబ్బరు అడుగు బూట్లు. ఆయన దగ్గర చాలా వాటికి ఇలాంటి మామూలు కారణమే ఉంటుంది.

ఈ కేసుకు అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి తెర మీద ఎప్పుడూ కనిపించలేదు. రోజర్స్ మధ్యాహ్నం భోజన విరామాల్లో పిట్స్‌బర్గ్ సెమినరీలో, అంటే పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో, చదువుతూ (1963లో ప్రెస్బిటేరియన్ పాస్టర్‌గా దీక్ష తీసుకున్నారు, ఆయనకప్పగించిన సేవ టీవీ ద్వారా పిల్లలకూ కుటుంబాలకూ పనిచేయడమే) మార్గరెట్ మెక్‌ఫార్లాండ్ దగ్గర శిష్యరికం చేశారు. ఆమె పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో బాల మనస్తత్వ శాస్త్రవేత్త, ఆర్సెనల్ ఫ్యామిలీ అండ్ చిల్డ్రన్స్ సెంటర్‌తో పనిచేసేవారు. ఆ సెంటర్లో పిల్లలు ఆడుకుంటుంటే కూర్చుని చూడటమే రోజర్స్ చదువు. ప్రోగ్రాం మొదలయ్యాక కూడా దాదాపు ప్రతివారం ఆమెతో కూర్చుని స్క్రిప్టులు చర్చించేవారు. 1988లో ఆమె చనిపోయేదాకా అది సాగింది.

దీన్ని మన పద్ధతితో పోల్చి చూడండి. సాధారణంగా నిపుణుల్ని పిలిచేది ఎపిసోడ్ ఎడిట్ అయ్యాక, 'ఏమైనా అభ్యంతరం ఉందా' అని అడగడానికి. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, ఏ అభ్యంతరానికీ విలువుండదు. రోజర్స్ ఆమె దగ్గరికి వెళ్లింది కాగితం దశలో. 'విడాకుల గురించి ఏం చెప్పాలి' అని కాదు ప్రశ్న. 'విడాకులనే మాట విన్న నాలుగేళ్ల పిల్ల ఏమనుకుంటుంది' అని. నన్నడిగితే ఈ కేసులోంచి ఒక్కటే ఎత్తుకోమంటే నేను ఎత్తుకునేది ఈ వారపు మీటింగునే.

1960ల మొదట్లో టొరంటోలో, కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీలో, ఫ్రెడ్ రెయిన్స్‌బెర్రీ ఆయన్ని తొలిసారి కెమెరా ముందుకు తెచ్చారు. అక్కడి ప్రోగ్రాం నిడివి 15 నిమిషాలు. వెంట వెళ్లిన ఎర్నీ కూంబ్స్ కెనడాలోనే ఉండిపోయి 'మిస్టర్ డ్రెసప్' అనే పిల్లల ప్రోగ్రాం హోస్టు అయ్యాడు, 1996 దాకా దాన్ని నడిపాడు. రోజర్స్ పిట్స్‌బర్గ్ తిరిగొచ్చారు. జాతీయ ప్రసారం 1968 ఫిబ్రవరి 19న మొదలైంది.

సెట్, సమయం

ఎపిసోడ్ దాదాపు 28 నిమిషాలు. వరుస మారదు. బొమ్మ ఊరి మీద కెమెరా జరుగుతుంది, ఇంట్లో ట్రాఫిక్ లైటు పసుపు రంగులో ఆరి వెలుగుతుంటుంది, తలుపు తీసుకుని ఆయన వస్తారు. పాట పాడుతూ కోటు విప్పి జిప్పు స్వెటర్, బూట్లు విప్పి కాన్వాస్ బూట్లు. తరవాత ఆ రోజు తెచ్చిన వస్తువు. చేపలకు మేత. డెలివరీ చేసే మిస్టర్ మెక్‌ఫీలీ ఏదో పట్టుకొస్తాడు, లేదా గోడమీది ఫ్రేములో ఫిల్ము నడుస్తుంది. ట్రాలీ అనే చిన్న బొమ్మ ట్రాము గంట మోగుతుంది, దాని వెంట బొమ్మలుండే ఊహల ఊరికి వెళ్తాం, తిరిగొస్తాం. కాసేపు మాట. మళ్లీ పాట, స్వెటర్ తీసి కోటు, తలుపు.

బట్టలు మార్చుకోవడం చూసి దాన్ని ముద్దొచ్చే అలవాటనుకుంటారు. అది చేసే పని వేరు. బయటి హడావుడిలోంచి వచ్చిన పిల్లకి కుదురుకోవడానికి సమయం కావాలి. పాట అయ్యేసరికి శ్వాస నెమ్మదిస్తుంది. పైగా వచ్చిన మనిషి వెళ్లిపోతాడని, మళ్లీ వస్తాడని రోజూ కళ్లముందు చూపించడం. అమ్మ ఆఫీసుకెళ్తే ఏడ్చే వయసుకి అది చిన్న విషయం కాదు. ఆ స్వెటర్లు వాళ్లమ్మ నాన్సీ అల్లినవి. వాటిలో ఒక ఎర్రది 1984 నుంచి స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ట్రాలీ సంగతి ఇంకా గట్టిది. ఇంట్లో ఉన్న రోజర్స్ ఊహల ఊళ్లో ఎప్పుడూ కనిపించరు. రాజు ఫ్రైడే, గుడ్లగూబ, పిల్లి, లేడీ ఎలైన్ ఇలా ముఖ్యమైన బొమ్మల గొంతులన్నీ ఆయనవే అయినా, హోస్టుగా అక్కడ అడుగుపెట్టరు. బొమ్మలు కూడా ఇంట్లోకి వచ్చి కబుర్లు చెప్పవు. వెళ్లేముందు 'ఇప్పుడు ఊహించుకుందాం' అని చెబుతారు, వచ్చాక జరిగినదాని గురించి మాట్లాడతారు. మూడేళ్ల పిల్లకి ఏది నిజమో ఏది కల్పనో ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఆ గీత ఎక్కడుందో సెట్టే చూపించాలి. అనుకరణలు ఎక్కువగా చెడేది ఇక్కడే. హోస్టు కార్టూన్లోకి దూకుతాడు, కార్టూన్ హోస్టు భుజమ్మీద కూర్చుంటుంది, చూడటానికి బాగుంటుంది. కానీ భయపెట్టే విషయం ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు అది ఏ ఊళ్లో జరిగిందో పిల్లకి తెలియదు.

ఇక వేగం. పియానో జానీ కోస్టాది, ఆయన జాజ్ కళాకారుడు. ట్రాక్ ముందే రికార్డు చేసి దానికి నటించడం ఉండేది కాదు. స్టూడియోలోనే కూర్చుని రోజర్స్ కదలికను చూస్తూ లైవ్‌గా వాయించేవారు. జిప్పు ఇరుక్కుంటే సంగీతం ఆగి ఉంటుంది. ఇప్పుడు మనం ముందు బీట్ పెట్టి దానికి షాట్లు కోస్తున్నాం. ఆ పద్ధతిలో నెమ్మది తేవాలంటే షాట్లు సాగదీయడం తప్ప దారి లేదు, సాగదీసింది సాగదీసినట్టే కనిపిస్తుంది.

చేపల మేత దగ్గర ఒక వివరం. చూపులేని ఒక పాప రాసిన ఉత్తరంలో, మీరు చేపలకు మేత వేస్తున్నారో లేదో నాకు తెలియడం లేదు, పైకి చెప్పండి అని అడిగింది. అప్పట్నుంచి మేత వేస్తూ ఆ మాట పైకి అనడం మొదలుపెట్టారు. స్క్రిప్టులో ఒక్క వాక్యం పెరిగింది, అంతే.

వాక్యం ఎలా తయారవుతుంది

1977లో ఆయన దగ్గర పనిచేసే ఆర్థర్ గ్రీన్‌వాల్డ్, బ్యారీ హెడ్ అనే ఇద్దరు రచయితలు, బాసు భాష మీద సరదాగా ఒక చిన్న మాన్యువల్ రాశారు. దానికి 'ఫ్రెడిష్', అంటే ఫ్రెడ్ భాష, అని పేరుపెట్టారు. వేళాకోళమే, కానీ అందులోని తొమ్మిది మెట్లు నిజంగా వాడినవే. వాటిని మన సొంత వాక్యం ఒకదానికి పెట్టి చూద్దాం: 'వేడి పొయ్యిని ముట్టుకోవడం ప్రమాదం.'

విషయాన్ని పిల్లలకు తెలిసిన మాటల్లో చెప్పడం మొదటి మెట్టు, అది అయింది. రెండోది, వద్దు అనేదాన్ని కావాలి వైపు తిప్పడం: 'పొయ్యికి దూరంగా నిలబడటం మంచిది.' మూడు, ఎంత దూరమో చిన్నపిల్లకి తెలియదు కాబట్టి నమ్మిన పెద్దవాళ్ల దగ్గరికి పంపడం: 'ఎక్కడ నిలబడాలో అమ్మానాన్నల్ని అడుగు.' నాలుగు, ఆజ్ఞ తీసేయడం: 'అమ్మానాన్నలు చెబుతారు.' ఐదు, మన చేతిలో లేని హామీ తీసేయడం, ఎందుకంటే వాళ్లు చెప్పకపోవచ్చు: 'చెప్పగలరు.' ఆరు, అమ్మానాన్నలు లేని పిల్లలూ చూస్తున్నారు: 'నీకిష్టమైన పెద్దవాళ్లు చెప్పగలరు.' ఏడు, ఎందుకు వినాలో ఒక చిన్న ప్రోత్సాహం: 'వాళ్ల మాట వినడం మంచిది.' ఎనిమిది, దాన్నీ మళ్లీ వడపోయడం, వినలేకపోయిన పిల్ల తను చెడ్డదాన్ననుకోకుండా: 'వినడానికి ప్రయత్నించడం ముఖ్యం.' తొమ్మిది, ఎదుగుదలతో ముడిపెట్టడం: 'వినడం కూడా పెద్దవడంలో ఒక భాగమే.'

ఆరో మెట్టు చాలామంది దాటేస్తారు. స్క్రిప్టులో అమ్మానాన్నలు అని రాసిన ప్రతిచోటా ఒక్కసారి ఆగండి, చాలు. రెండో మెట్టుకు మాత్రం హద్దు ఉంది. ఇది తెర మీద మాట. ఎదురుగా పిల్ల నిజంగా పొయ్యి మీద చెయ్యి పెట్టబోతుంటే ఆ క్షణంలో కావాల్సింది 'వద్దు' ఒక్కటే.

ఆస్పత్రి గురించిన స్క్రిప్టు ఒకదానిలో నర్సు బీపీ చూసే పట్టీకి గాలి కొడుతూ చెప్పే మాటకు, ఇంగ్లీషులో పేల్చేస్తాను అనే అర్థం కూడా వస్తుంది. దాన్ని మార్చి, కొంచెం గాలితో ఉబ్బిస్తాను అని చెప్పించారు. పెద్దవాళ్లకి రెండో అర్థం తట్టనే తట్టదు. పిల్లకి 'పేలుడు' అనే మాట వినబడితే తరవాత చెప్పేది ఏదీ చెవికెక్కదు. డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసేచోట కూడా ఇంతే: ఆయనకి నా మనసులో ఉన్నది కనిపిస్తుందేమోనని పిల్లలు భయపడతారని రోజర్స్‌కి తెలుసు, ఆ భయాన్నే స్క్రిప్టులోకి తెచ్చారు. స్నానాల తొట్టి రంధ్రంలోంచి జారిపోతామేమో అన్న భయానికి ఏకంగా పాట రాశారు. ఒకసారి షూటింగ్‌లో ఒక నటుడు హెన్రియెట్టా అనే పిల్లి బొమ్మతో ఏడవకు అన్నాడు. రోజర్స్ టేపింగ్ ఆపేశారు. తమ ప్రోగ్రాం పిల్లల్ని ఏడవొద్దని ఎప్పుడూ చెప్పదన్నారు.

కష్టమైన విషయాలు

1970లో వచ్చిన 1101 నంబరు ఎపిసోడ్ చూడకుండా చావు గురించి పిల్లల స్క్రిప్టు రాయకూడదు. మేత వేయబోతూ తొట్టి అడుగున కదలకుండా ఉన్న చేపని చూస్తారు. ముందు తెలిసేది ఒంటి గుర్తులే: కదలడం లేదు, ఊపిరి లేదు. ఉప్పునీళ్లలో పెడితే ఒక్కోసారి జబ్బు చేపలు తేరుకుంటాయని విన్నానంటూ వలతో తీసి ఉప్పు కలిపిన నీళ్లలో పెడతారు. తేరుకోదు. దాన్ని కాగితపు తువ్వాలులో చుట్టి, పెరట్లోకి తీసుకెళ్లి, చిన్న తాపీతో గుంట తవ్వి పూడుస్తారు. అదంతా అయ్యాకే చిన్నప్పుడు చచ్చిపోయిన తన కుక్క మిట్సీ గురించి, అప్పటి ఏడుపు గురించి చెబుతారు.

వరుస గమనించండి: గుర్తు, ప్రయత్నం, విఫలం, చేతి పని, ఆఖర్న భావం. మనం సాధారణంగా భావంతో మొదలుపెడతాం, విషాద సంగీతంతో సహా. ఉప్పునీళ్ల ప్రయత్నాన్ని కోసేయాలనిపిస్తుంది, ఎందుకంటే అది పనిచేయలేదు. కానీ పిల్ల మనసులో వచ్చే మొదటి ప్రశ్న 'మళ్లీ బతికించలేమా' అనేదే. దానికి జవాబు చూపించకుండా ముందుకు పోతే ఎపిసోడ్ అంతా అదే ప్రశ్నతో కూర్చుంటుంది.

అంతకుముందు 1968లో రాబర్ట్ కెనెడీ హత్య జరిగిన వెంటనే, జూన్ 7న, తల్లిదండ్రుల కోసం ప్రత్యేక ప్రసారం చేశారు. డేనియల్ పులి, ఊహల ఊళ్లోని మనిషి పాత్ర లేడీ ఆబెర్లిన్ చేత బెలూన్ ఊదించి, గాలి వదిలించి, ఆ గాలి ఎక్కడికి పోయిందని అడుగుతుంది. తరవాతే హత్య అంటే ఏమిటని. ఆమె ముందుగా, ఆ మాట ఇవాళ బాగా విన్నావా అంటుంది. జవాబు తరవాత చెబుతుంది. ఈ క్రమాన్ని అలాగే వాడుకోవచ్చు.

1969 మే 9న 1065 నంబరు ఎపిసోడ్. ఫ్లోరిడాలో 1964లో నల్లవాళ్లు దిగారని ఒక మోటెల్ యజమాని ఈత కొలనులో యాసిడ్ పోసిన దేశం అది. రోజర్స్ ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి కాళ్లు పెట్టుకుని, నల్లజాతి నటుడు ఫ్రాంస్వా క్లెమన్స్ వేసే పోలీసు పాత్రని కూడా రమ్మంటారు. తువ్వాలు లేదంటే తనది ఇస్తారు. జాతి అన్న ప్రస్తావనే రాదు. అదే మనిషి విషయంలో రోజర్స్‌కు మరో ముఖం కూడా ఉంది: క్లెమన్స్ స్వలింగ ఆకర్షితుడని తెలిశాక, అది బయటపడితే ప్రోగ్రాంలో ఉండటం కుదరదని చెప్పారు. క్లెమన్స్ తరవాత ఈ సంగతి తనే చెప్పాడు, రోజర్స్‌ని తండ్రిలా ప్రేమించానని కూడా చెప్పాడు. రెండూ కేసులో ఉండాల్సినవే.

డబ్బు

1969 మే 1న సెనేట్ సబ్‌కమిటీ ముందు పబ్లిక్ టీవీకి 2 కోట్ల డాలర్ల నిధి గురించి రోజర్స్ మాట్లాడింది ఆరేడు నిమిషాలు. ఆ సబ్‌కమిటీ అధ్యక్షుడు సెనేటర్ జాన్ పాస్టోర్, ఓపిక తక్కువ మనిషి. రోజర్స్ రాసి తెచ్చిన కాగితాన్ని మీరు చదువుతారని నమ్ముతున్నానని పక్కన పెట్టేశారు. లెక్క ఒక్కటే చెప్పారు: మొదట్లో ప్రోగ్రాంకి 30 డాలర్లు, ఇప్పుడు 6,000, ఆ 6,000తో రెండు నిమిషాల కార్టూన్ కూడా రాదు. తరవాత కోపం వస్తే ఏం చేయాలనే తన పాట సాహిత్యం చదివి వినిపించారు. పాస్టోర్ అక్కడికక్కడే ఆ రెండు కోట్లు మీరు సంపాదించుకున్నట్టే అన్నారు. బడ్జెట్ అడగడానికి వెళ్లేటప్పుడు స్లయిడ్లు తగ్గించి ప్రోగ్రాంలోని ఒక ముక్కనే వినిపించడం ఎలాగో దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

పిల్లలకు సరుకు అమ్మడం మాత్రం ఒప్పుకోలేదు. 1984లో బర్గర్ కింగ్ ఆయన్ని పోలిన నటుడితో ప్రకటన వేస్తే అభ్యంతరం చెప్పి ఆపించారు.

షెడ్యూలు

మొత్తం 895 ఎపిసోడ్లు. నలుపు తెలుపులో మొదటి సీజన్ 130, ఆ తరవాత రంగుల్లో 1001 నుంచి 1765 దాకా నంబర్లు. 1455 దగ్గర, 1976లో, కొత్తవి ఆపేశారు. మూడేళ్లకోసారి ప్రేక్షకులే మారిపోతారు కాబట్టి పాతవి మళ్లీ వేయవచ్చన్నది లెక్క. 1979లో తిరిగొచ్చినప్పుడు వారానికి ఒకే అంశం, ఐదు ఎపిసోడ్లు అనే పద్ధతి పెట్టారు. 1980లో సూపర్‌హీరోలు, 1981లో విడాకులు, 1983 నవంబరులో యుద్ధం. యుద్ధం వారంలో పక్క ఊరు భాగాలు ఆర్డరిచ్చిందని తెలిసి రాజు ఫ్రైడే అవి బాంబులేననుకుని తనూ తయారు చేయిస్తాడు. వెళ్లి చూస్తే వాళ్లు కడుతున్నది వంతెన. రోజుకో ఎపిసోడ్ చొప్పున భయం పెరిగి దిగడానికి ఐదు రోజులుండటం వల్లే ఆ కథ నిలబడింది. ఒక్క ఎపిసోడ్‌లో ఇరికిస్తే నీతికథ అయ్యేది.

పనిచేసిందా

లినెట్ ఫ్రెడ్రిక్, అలీథా స్టైన్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో నర్సరీ పిల్లల్ని మూడు జట్లు చేసి నాలుగు వారాలపాటు ఒక జట్టుకి ఈ ప్రోగ్రాం, ఒక జట్టుకి బ్యాట్‌మన్, సూపర్‌మన్ కార్టూన్లు, ఇంకో జట్టుకి మామూలు ఫిల్ములు చూపించారు. రోజర్స్ చూసిన పిల్లల్లో పని వదలకుండా చేయడం, నియమం పాటించడం, ఆగగలగడం మెరుగైంది. ఆరేళ్ల తరవాత హెడ్ స్టార్ట్ అనే, పేద పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బడిముందు కేంద్రాల్లో చేసిన అధ్యయనం ఇంకా ఉపయోగం: ఒట్టి ప్రోగ్రాం చూపిస్తే ప్రవర్తనలో తేడా పెద్దగా లేదు, దానికి తగిన ఆటవస్తువులు గదిలో పెట్టాక తోటి పిల్లలతో మెలగడం, ఊహల ఆట పెరిగాయి.

ఆయన 2003 ఫిబ్రవరి 27న కడుపు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన స్థాపించిన సంస్థ ఇప్పుడు ఫ్రెడ్ రోజర్స్ ప్రొడక్షన్స్ పేరుతో ఉంది. 2012లో వచ్చిన 'డేనియల్ టైగర్స్ నైబర్‌హుడ్' దానిదే. పాత పులి కొడుకు, ఎర్ర స్వెటర్, ట్రాలీ, ఒక్కో ఎపిసోడ్‌కి ఒక చిట్టి పాట. పాట సులువు, కోపం వచ్చిన నిమిషంలో ఇంట్లో ఎవరైనా పాడుకోవచ్చు. ఈ పాట విషయంలో పాతదాని కన్నా ఇది మెరుగని నా అభిప్రాయం. పోయింది హోస్టు: అంతా యానిమేషనే అయ్యాక నిజం, ఊహ మధ్య గీత గీసేందుకు ఇల్లు లేదు. 2016లో 127 మంది పిల్లల మీద, రెండేళ్ల నుంచి ఆరేళ్ల వయసు వాళ్ల మీద, రెండు వారాలు చేసిన అధ్యయనంలో ఈ ప్రోగ్రాం వల్ల సానుభూతి, భావాలు గుర్తించడం పెరిగింది, చూసినదాని గురించి తల్లిదండ్రులు మామూలుగా మాట్లాడే అలవాటున్న ఇళ్లలో మాత్రమే. కాబట్టి పిల్లల ఎపిసోడ్ బడ్జెట్ వేసేటప్పుడు పెద్దవాళ్ల కోసం ఒక పేజీ కాగితం, రెండు ప్రశ్నలు, ఇంట్లో దొరికే వస్తువుతో ఒక ఆట ఖర్చు కూడా మొదటి రోజే అందులో వేసుకోవాలి. అది ప్రచార విభాగం ఖాతాలో ఉంటే ఎడిట్ అయ్యేలోపు ఎగిరిపోతుంది.